పొయ్యికీ బిందెకీ పెట్టిన తగువు



పోయిన నెల మా పేటలో ఒక ఇంట్లో వంటగట్టు పగలగొట్టారు. ఆ ఇల్లు కట్టి నాలుగేళ్ళన్నా కాలేదు. గట్టు మీద గ్యాసు పొయ్యి, దానికి జానెడు దూరంలో నీళ్ళ కుళాయి. అదే నేరమంట. "అగ్నికీ జలానికీ వైరం. రెండూ పక్కపక్కన ఉంటే ఆ ఇంట్లో ఆలూమగలు పడరు" అని టౌను నుంచి వచ్చిన వాస్తు సిద్ధాంతి తేల్చాడంట. గట్టు పగలగొట్టారు. కుళాయిని ఈశాన్యానికి మార్చారు. అంతటితో అయిపోలేదు. నైరుతి మూల గాజుగిన్నెలో ఉప్పు, గడప కింద రాగిరేకు, గోడకి మూడు ప్లాస్టిక్ పిరమిడ్లు. ఇంటిని పడగొట్టకుండానే భూతాలను రాజీ చేసే 'రెమిడీ'లంట ఇవి. అన్నీ కలిపి 38 వేలయింది.

ఆ చెల్లెలు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. ఐసు నీళ్ళలో వేళ్ళు నానిపోయి సందులు పాసిపోయి ఉంటాయి. ఆ 38 వేలు ఎక్కడివి? పెద్దపాప నర్సింగు ఫీజు కోసమని పొదుపు సంఘంలో తీసిన అప్పు!

ఆలూమగలు పడకపోవడం నిజమే. ఎందుకు పడలేదో పేటంతా ఎరుగుదుం. ఆటో మీద ఫైనాన్సు వాయిదా రెండు నెలలు ఆగింది. షెడ్డులో సరుకు లేని రోజు కూలి లేదు. వచ్చిన దాంట్లో కొంత సాయంత్రం సీసాకి పోతుంది. ఈ మూడింట్లో ఒక్కటన్నా ఆగ్నేయం మూల ఉందా? ఈశాన్యం మూల ఉందా? సిద్ధాంతి వచ్చి కొలిచింది గోడల్ని. ఆ ఇంటి అప్పుని ఎవరూ కొలవలేదు. ఇప్పుడు ఆ అప్పు మీద ఇంకో అప్పెక్కింది.

ఆ చెల్లెల్ని తిట్టడానికి నేనిది రాయడం లేదు. ఆమెకంటే ముందు ఆ పని చేసినదాన్ని నేనే. అందుకే రాస్తున్నాను.

అమ్మ నవ్విన నవ్వు

మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటిదాన్ని నేను. డిగ్రీ చదివాను, బి.ఇడి. చేశాను, సైన్సు టీచరునయ్యాను. 2012లో బ్యాంకు లోను పెట్టి ఇల్లు మొదలుపెడితే, తోటి ఉద్యోగస్తులు నలుగురూ ఒకటే మాట: "ఇంత పెట్టి కడుతున్నారు, ఒకసారి వాస్తు చూపించండి టీచరుగారూ, పోయేదేముంది?" పోయేదేముందో తర్వాత తెలిసింది. దక్షిణం వాకిలి మూసి తూర్పుకి తెరవాలన్నాడు. తూర్పున పక్కింటోళ్ళ గోడ. రెండడుగుల సందులోకి వాకిలి పెట్టుకున్నాం. మంచం పట్టదు, బీరువా పట్టదు. రేపు ఎవరన్నా పోతే పాడె కూడా పట్టదు. లోపలికి గాలి రాదు. లోను పెరిగింది. పొద్దున బళ్ళో పిల్లలకి 'నీళ్ళు మంటని ఎట్లా ఆర్పుతాయి' అని పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యికీ బిందెకీ మధ్య పచ్చరంగు చెక్క అడ్డం పెట్టించుకున్నాను. చదువు తలకెక్కింది గానీ భయం గుండెల్లోంచి దిగలేదు.

ఆ సిద్ధాంతే చివర్లో చెప్పాడు: "నైరుతిలో సముద్రపు ఉప్పు పెట్టండమ్మా, ఇంట్లో చెడునంతా లాగేస్తుంది."

మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మా అమ్మ ఇస్కపల్లి ఉప్పుమళ్ళలో కూలి చేసిన మనిషి. మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళు, నెత్తిన ఉప్పుగంప, పాదాల్లో పగుళ్ళు. ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగితే రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆమె నవ్వింది. "ఏంది పాపా, గిన్నెడు ఉప్పు పెడితే దరిద్రం పోతాదా? నేను కొండలు కొండలు మోసినా గదా! మరి నా దరిద్రం ఎందుకు పోలా?"

ఆ ప్రశ్నకి నా బి.ఎస్సీ. దగ్గర జవాబుంది. సిద్ధాంతి దగ్గర లేదు. అయినా నేను ఆ రోజు మా అమ్మ మాట వినలేదు, సిద్ధాంతి మాట విన్నాను. ఎందుకని? సిద్ధాంతి తెల్లబట్టల్లో స్కూటరు మీద వచ్చాడు. మా అమ్మ ఉప్పుమడి నుంచి వచ్చింది. మన అవమానం మనలోనే ఎట్లా కూర్చుని ఉంటుందో చూశారా!

ఆ పుస్తకంలో మనకెంత చోటు?

వాస్తుని మనకి అమ్మేవాడు 'ఋషుల శాస్త్రం' అంటాడు. సరే, ఆ శాస్త్రాన్నే తెరిచి చూద్దాం.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన 'బృహత్సంహిత'లో ఇళ్ళ మీద ఒక పెద్ద అధ్యాయం ఉంది. ఇప్పటి వాస్తు చాలావరకు అలాంటి పుస్తకాల నుంచి దిగినదే. అందులో ఇంటి వెడల్పు ఎంతుండాలో కులాన్ని బట్టి లెక్క కట్టారు. బ్రాహ్మణుడికి 32 మూరలు. అక్కడి నుంచి నాలుగు నాలుగు తగ్గించుకుంటూ క్షత్రియుడికి 28, వైశ్యుడికి 24, శూద్రుడికి 20. అందరికంటే కిందివాళ్ళకి ఇంకా తక్కువ. నేల రంగుకీ కులముంది. తెల్లనేల బ్రాహ్మణుడికి, ఎర్రనేల క్షత్రియుడికి, పసుపునేల వైశ్యుడికి, నల్లనేల శూద్రుడికి. నేల వాసనకీ కులముంది, రుచికీ ఉంది. వాలు కూడా అంతే. ఉత్తరానికి వాలితే బ్రాహ్మణుడికి మంచిది, తూర్పుకి వాలితే క్షత్రియుడికి, దక్షిణానికైతే వైశ్యుడికి, పడమరకైతే శూద్రుడికి.

మా నెల్లూరు తీరమంతా తూర్పుకే, సముద్రం వైపే వాలి ఉంటుంది. ఆ లెక్కన కావలి నుంచి కృష్ణపట్నం దాకా మేమందరం క్షత్రియులం! ఎవరన్నా ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.

ఇక మన సంగతి. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర నివాసం ఊరి బయటే అంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో భాగంలో మన చోటు శ్మశానం అంచున చూపించింది. నెల్లూరు జిల్లాలో ఏ ఊరికన్నా పొండి. పేట ఎక్కడుంది? చెరువు కట్ట కింద, కాలవ చివర, శ్మశానం పక్కన, వరదొస్తే ముందు మునిగే చోట. ఇది వాస్తు తప్పడం వల్ల జరగలేదు మిత్రులారా, వాస్తు తు.చ. తప్పకుండా పాటించడం వల్ల జరిగింది! ఊరికి మంచి మూల ఊరోళ్ళకీ, చెడ్డ మూల మనకీ పెట్టిన శాస్త్రమే ఇప్పుడు మన ఇంట్లో దూరి, 'మీ ఇంట్లో ఒక మూల చెడ్డది' అంటోంది. వెలి వేసిన చేత్తోనే వైద్యం అమ్ముతోంది.

వాస్తుపురుషుడి కథ తెలుసా? భూమికీ ఆకాశానికీ అడ్డుపడిన ఒక భూతాన్ని దేవతలు మూకుమ్మడిగా పట్టుకుని, బోర్లా పడేసి, ఒక్కొక్క అవయవం మీద ఒక్కొక్కరు కూర్చున్నారంట. తల ఈశాన్యంలో, కాళ్ళు నైరుతిలో. ఆ అదిమిపెట్టిన ఒంటి మీదే ఇల్లు కట్టుకోవాలంట. ఈ బొమ్మ చూస్తే మనకి ఎవరు గుర్తుకొస్తారు? బోర్లా పడున్నది ఎవరు, పైన కూర్చున్నది ఎవరు? కింద పడున్నవాడి వారసులు పైకెక్కి కూర్చున్నవాళ్ళకి దక్షిణ ఇచ్చి శాంతి చేయించుకోవడమా!

మరి ఆ కులాల పేజీలు మన ఇంటికొచ్చిన సిద్ధాంతి ఎందుకు చదవడు? మన చేతిలో జీతం రాళ్ళు కనపడ్డాయి గనక. ఆ పేజీ మూసి 'రెమిడీ' పేజీ తెరుస్తాడు. దక్షిణకి అంటు లేదు.

అయిదు భూతాలూ మనకేం చేశాయి?

భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ఈ అయిదూ ఇంట్లో సమంగా ఉండాలంటారు. మంచిమాటే. అయితే ఈ అయిదింటితో మనకి అసలు తగువు ఎక్కడొచ్చిందో చెప్పుకుందాం.

నీరు: కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బక్కెట్టు కడుగుతుంటే వద్దన్నారు. ఒక ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలిచింది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. ఆ నీటి తగువుకి ఏ మూల పిరమిడ్ పెట్టాలి? 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ దోసిలి పట్టింది కూడా నీటికే.

నిప్పు: 1968లో కంచికచర్లలో కోటేశు అనే పిల్లవాణ్ణి ఇత్తడి సామాను దొంగిలించాడని నిందవేసి, కట్టేసి, నిప్పంటించారు. అదే ఏడు డిసెంబరు 25న తమిళనాడు కీళ్‌వెణ్మణిలో ఒక్క గుడిసెలో 44 మంది కూలీల ఇళ్ళవాళ్ళు బూడిదయ్యారు. వాళ్ళు అడిగింది కాస్త ఎక్కువ కూలి. ఆ గుడిసెలో ఆగ్నేయం సరిగ్గా లేదా?

భూమి: చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని నరికి గోతాల్లో కుట్టి కాలవలో వేశారు. ఎదురు నిలబడ్డ మాలపల్లె కాళ్ళ కింద సొంత నేల ఉంటే అంత తెగింపు చేసేవాళ్ళా? అసైన్డు భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. మా తీరంలో ఎన్ని అసైన్డు చెక్కలు రొయ్యల గుంటలైపోయాయో ఎవరి ఊళ్ళో వాళ్ళు లెక్క తీయండి.

గాలి: మన ఒంటి గాలి తగలకూడదని పేటని దూరం పెట్టారు. ఇప్పుడు ఊరి చెత్త తెచ్చి మన పక్కనే తగలబెడుతున్నారు.

ఆకాశం అంటే చోటు. 2020 డిసెంబరులో మొదలైన పథకంలో పల్లెల్లో పేదలకి ఒకటిన్నర సెంటు ఇచ్చారు. అంటే 72 గజాలు. 2024లో ప్రభుత్వం మారాక మూడు సెంట్లు ఇస్తామంటున్నారు. ఇచ్చేదాకా అడుగుతూనే ఉందాం. ఆ 72 గజాల్లోకి ఎనిమిది దిక్కులూ, తొమ్మిది గ్రహాలూ, పది మంది జనమూ పట్టాలి! కాలనీ వీధికి రెండు వరసలుంటాయి. ఒక వరస తూర్పు చూస్తే రెండోది పడమర చూస్తుంది. ఒకటి ఉత్తరమైతే రెండోది దక్షిణం. వాస్తు నిజమైతే పుట్టుకతోనే సగం పేట చెడిపోవాలి, సగం పేట బాగుపడాలి. మా పేటలో రెండు వరసలూ ఒక్కలాగే అప్పుల్లో ఉన్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

మన ఇళ్ళల్లో నిజంగా పడనివి

ఇంట్లో ఒకదానికొకటి పడని వస్తువులు లేవని నేననను. ఉన్నాయి. మా తీరంలో మరీ ఎక్కువ. సైన్సు టీచరుగా వాటిని చెప్తాను. వీటికి మంత్రం అక్కర్లేదు, రాగిరేకు అక్కర్లేదు.

ఒకటి, ఉప్పుకీ ఇనుముకీ పడదు. కాలనీ ఇళ్ళ శ్లాబు పదేళ్ళకే పెచ్చులూడి, కడ్డీ బయటపడి, నిద్రపోయే పిల్లల మీద రాలుతుంది. శనిదోషం అనుకుంటాం. కాదు. సముద్రపు ఇసక, ఉప్పునీళ్ళు కలిపి కాంక్రీటు పోస్తే లోపల కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. కాంట్రాక్టరు మిగుల్చుకున్న సొమ్మే మన నెత్తిన పెచ్చయి రాలుతోంది. విరుగుడు: ఏటి ఇసక, మంచినీళ్ళు, కడ్డీ మీద మామూలుకంటే మందంగా కాంక్రీటు పొర. శ్లాబు పోసే రోజు ముహూర్తం చూడకండి, ఇసక నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే లారీ వెనక్కి తిప్పండి.

రెండు, మంచినీళ్ళకీ ఉప్పునీళ్ళకీ పడదు. మన పెద్దలు ఇసక దిబ్బల్లో దొరువు తవ్వి నీళ్ళు తోడుకున్నారు. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకే ఇసకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలబడితే దాని కింద దాదాపు నలభై అడుగుల దాకా మంచినీరే అని శాస్త్రం లెక్క. ఆ పైన ఒక్క అడుగు తగ్గించామా, కింద నుంచి ఉప్పు అంతకు నలభై రెట్లు పైకొస్తుంది. నిజమైన సమతుల్యం అంటే ఇదీ! దాన్ని చెడగొట్టింది మన కుళాయి కాదు. తొంభైల్లో వచ్చిన రొయ్యల గుంటలు, వాటి చుట్టూ గుచ్చిన బోర్లు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో, తీరం అంచున రొయ్యల గుంటలు తీసేయమంది. తర్వాత 2005లో వేరే చట్టం తెచ్చి దారి ఇచ్చారు. మన బావుల్లో నీళ్ళు మాత్రం ఉప్పగానే ఉన్నాయి. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని తాగుతున్నాం. ఈశాన్యంలో బోరు వేస్తే తీపినీళ్ళు పడతాయన్న సిద్ధాంతి ఆ క్యాను డబ్బులు ఇస్తాడా?

మూడు, మరుగుదొడ్డి గుంటకీ తాగే బోరుకీ పడదు. రెండింటికీ మధ్య కనీసం పది మీటర్లు ఉండాలి. ఇసక నేలలో ఇంకా ఎక్కువ. పది మీటర్లంటే 33 అడుగులు. ఒకటిన్నర సెంటు స్థలం 20 అడుగులు వెడల్పుంటే పొడుగు 32 అడుగులు! గుంట ఈ చివర, బోరు ఆ చివర వేసినా చాలదు. పక్కింటి గుంట మన బోరుకి నాలుగడుగుల్లో ఉంటుంది. పిల్లల వాంతులూ విరేచనాలూ అక్కడి నుంచే. ఇదీ అసలైన వాస్తు దోషం. ఈ దోషం ఇంట్లో పరిష్కారం కాదు. ఏ మూలకి ఏది జరిపినా కాదు. స్థలం పెంచాలి, లేదంటే ప్రతి ఇంటికీ శుద్ధిచేసిన నీళ్ళ కుళాయి రావాలి. ఈ దోషనివారణ జరిగే చోటు పూజగది కాదు, గ్రామసభ.

నాలుగు, పొగకీ ఊపిరికీ పడదు. గ్యాసు అయిపోయిన నాడు ఇప్పటికీ కట్టెలపొయ్యే గతి. ఆగ్నేయంలో పొయ్యి పెట్టాలంటారు. మా తీరంలో మధ్యాహ్నం తిరిగితే సముద్రపు గాలి తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి వీస్తుంది. ఆ మూల కట్టెలపొయ్యి పెడితే పొగంతా ఇల్లు చుట్టి పోతుంది. 'వాస్తు అంటే గాలీ వెలుతురే గదా, సైన్సే గదా' అనే చదువుకున్న మిత్రులకి ఇదే నా జవాబు. గాలి ఊరికొక రకంగా వీస్తుంది. ఊరి గాలి చూసి పొయ్యి పెట్టేది సైన్సు. గాలి ఎటు వీచినా అదే మూల పెట్టమనేది శాస్త్రం కాదు, హుకుం.

అయిదు, పల్లపు నేలకీ పునాదికీ పడదు. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటినప్పుడు మా అవ్వ రెండు రాత్రులు బడి వరండాలో పిల్లల్ని పొట్టకి కరుచుకుని కూర్చుందంట. 2004 డిసెంబరు 26న సునామీ. 2015 నవంబరులో వానలు, 2021 నవంబరులో పెన్నా వరద. ఎన్నిసార్లు మునిగినా మనమే ముందు మునిగాం. ఇల్లు కట్టేవాళ్ళు మొన్నటి వరద గోడ మీద ఎంతదాకా గీత పెట్టిందో చూసి, దానికి పైన గడప ఎత్తండి. గడప ఏ దిక్కుకన్నది వరద అడగదు, ఎంత ఎత్తన్నదే అడుగుతుంది.

ఇంటి తగువు తీరిన కాలం

మా జిల్లాలో ఇంటింటి తగువు ఒకసారి నిజంగా తీరింది. అది 1992. అక్షరదీపం రాత్రిబళ్ళలో పలక పట్టిన ఆడవాళ్ళు, 'మన కొంప ఎందుకు కొల్లేరవుతోంది' అని ఒకరినొకరు అడుగుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ మాట ఊరూరా పాకింది. సారా ప్యాకెట్ల బండ్లని ఊళ్ళోకి రానీయలేదు, పాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. తర్వాత రోజుకొక రూపాయి దాచుకుంటూ పొదుపు సంఘాలు పుట్టాయి.

ఆ ఆడవాళ్ళు ఎవరూ పొయ్యి జరపలేదు, వాకిలి మార్చలేదు. ఇంట్లో తగువుకి మూలం ఇంటి బయట ఉందని కనిపెట్టారు. అందరూ కలిసి పోయి దాన్ని పట్టుకున్నారు. ఆ పోరాటం కన్న పొదుపు సంఘం డబ్బే ఈరోజు గాజుగిన్నెకీ పిరమిడ్లకీ పోతోంది! దీనికి నా కడుపు మండుతోంది.

ఇంకో మాట. వాస్తు చూపించుకుంటే ఆ భయం ఇంట్లో ఎవరి మీద పడుతుంది? ఆడదాని మీదే. 'పొయ్యి దగ్గర దోషం' అంటే వంట చేసేదానిదే తప్పు. మగవాడు తాగొచ్చి కొడితే ఈశాన్యం బరువెక్కిందంటారు. కొట్టిన చెయ్యి మాత్రం మాయమైపోతుంది.

పెద్దోళ్ళు చేశారుగా!

'చదువుకున్నోళ్ళు, ముఖ్యమంత్రులే చేస్తా ఉంటే మనమెంత?' అని అడుగుతారు. చేశారు, నిజమే. తెలంగాణలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పాత సచివాలయం గడప తొక్కడం దాదాపు మానేశాడు. వాస్తు బాగోలేదనే దాన్ని పడగొట్టారని రాష్ట్రమంతా చెప్పుకున్నారు. 2020 జూలైలో పడగొట్టడం మొదలుపెట్టారు. వందల కోట్లు పోసి కొత్తది కట్టి, దానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు పెట్టి, 2023 ఏప్రిల్ 30న తెరిచారు. అదే ఏడు డిసెంబరు 3న ఓట్లు లెక్కపెడితే ఆయన అధికారం పోయింది. ఎనిమిది నెలలు కూడా తిరగలేదు. అంత లెక్కగా కట్టిన భవనం ఒక్క కుర్చీని కాపాడలేకపోయింది. మన ఆటో వాయిదాని కాపాడుతుందా?

ఆ గోడ మీద ఎవరి పేరు రాశారో ఆయన తన ఇల్లు ఎట్లా కట్టుకున్నాడో గుర్తు చేసుకుందాం. 1917లో బరోడాలో అంత చదువు చదివొచ్చిన బాబాసాహెబ్‌కి అద్దెగది దొరకలేదు. కులం తెలిసి సత్రం నుంచి గెంటేశారు. బొంబాయి పరేల్ చాల్‌లో ఇరుకు గదుల్లో ఏళ్ళ తరబడి బతికాడు. చివరికి దాదర్‌లో 'రాజగృహ' కట్టుకున్నాడు. దేనికోసం? పుస్తకాల కోసం! ఆ ఇంటికి బరువైన మూల ఏదంటే పుస్తకాలున్న మూల. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన ఇప్పించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలు గోడ మీద పటం కట్టించుకుని, దాని పక్కనే పిరమిడ్ తగిలించిన మన ఉద్యోగస్తుల ఇళ్ళు నేను చూశాను. శిలువ బొమ్మ కింద ఉప్పుగిన్నె పెట్టిన ఇళ్ళూ చూశాను. మా ఇల్లూ అందులో ఒకటిగా ఉండింది గనక ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. మనందరం కలిసి దింపుకోవాల్సిన బరువు ఇది.

ఇప్పుడు చేయాల్సింది

సంఘాల వాళ్ళకి నా మనవి ఇది. మొదట మన ఇంటి నుంచే మొదలుపెడదాం. నేను పోయిన వారం మా తూర్పు సందు వాకిలి మూయించి, దక్షిణం వాకిలి మళ్ళీ తెరిపించాను. పన్నెండేళ్ళు పైబడ్డాక ఇంట్లోకి మళ్ళీ గాలొచ్చింది. అమ్మ ఉంటే ఇంకోసారి నవ్వేది.

రెండు, పొదుపు సంఘం సమావేశాల్లో ఈ మాట పెట్టండి. వాస్తుకీ శాంతులకీ అప్పు అడిగితే 'ఇవ్వం' అని మొహం మీద చెప్పకండి. పక్కన కూర్చుని, ఆ ఇంట్లో అసలు తగువేందో కాగితం మీద రాయించండి. వాయిదా, కూలి, సీసా, ఫీజు. రాస్తేనే కనపడుతుంది.

మూడు, ప్రతి పేటలో మరుగుదొడ్డి గుంటకీ తాగే బోరుకీ ఎంత దూరముందో టేపు పెట్టి కొలవండి. మన పదో తరగతి పిల్లలే కొలవగలరు. కొలతలన్నీ ఒక కాగితం చేసి, వచ్చే గ్రామసభలో పెట్టి, కుళాయి అడగండి, ఎత్తైన స్థలం అడగండి, పట్టా ఆడమనిషి పేరున అడగండి. సిద్ధాంతి కొలిచింది మన భయాన్ని. మనం కొలిచేది మన హక్కుని.

నాలుగు, ఆ చెల్లెలి పెద్దపాప ఫీజు గడువు ఈ నెలాఖరు. మా పేటలో ఉద్యోగస్తులం పద్నాలుగు మందిమి ఉన్నాం. మన గోడల మీద, మూలల్లో ఎంత డబ్బు పోసి ఉంటామో ఎవరి లెక్క వాళ్ళకి తెలుసు. అందులో పదో వంతు తీసినా ఆ పాప ఫీజు కట్టొచ్చు. ఆదివారం సాయంత్రం అంబేడ్కర్ బొమ్మ దగ్గర కూర్చుంటున్నాం. రండి.

పొయ్యీ బిందే ఏనాడూ తగువు పడలేదు. రెండూ కలిస్తేనే మన ఇంట్లో అన్నం ఉడికింది. తగువు పెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని గుర్తుపడదాం.

జై భీమ్!